మగవారి చెవికి వజ్రపు పోగు: ఎంపికలో మారిన అభిరుచి

తెలుగు దేశానికి వెలుపల స్థిరపడిన మన కుటుంబాలలో పాత నగల పెట్టె తెరిస్తే, ఆడవారి కమ్మలు, బేసరులతో పాటు ఒక జత ఒంటిరాతి పోగులు కనిపించడం అరుదు కాదు. ఇవి తాతగారివో ముత్తాతగారివో అయి ఉంటాయి. తమిళనాట పెరిగిన పిల్లలు వీటిని కడుక్కన్ అంటారు. కర్ణాటకలోని వారు ఒంటి అనే మాట వాడతారు. మహారాష్ట్రలో మగవారి చెవినగ అనగానే భిక్‌బాళీ గుర్తుకు వస్తుంది కాని, అది చెవి పైభాగాన పెట్టుకునే వేరే నగ, ఎక్కువగా ముత్యాలది. తెలుగులో వాడుక మాట పోగు. చౌకట్లు, అంటుజోళ్లు అనే పేర్లు నిఘంటువులలోనూ, ప్రబంధాల అలంకార వర్ణనలలోనూ మిగిలాయి. పోగు అంటే నూలుపోగు కూడా కదా అని విద్యార్థులు అడుగుతుంటారు. రెండు మాటలకూ మూలం ఒకటేనని మేము వాదించము. అయితే చెవి కుట్టిన వెంటనే ఆ రంధ్రంలో పెట్టేది నూలుపోగే అని వైద్యగ్రంథాలు చెబుతున్నాయి.

సుశ్రుత సంహిత సూత్రస్థానం పదహారవ అధ్యాయం చెవి కుట్టే విధానాన్నే వివరిస్తుంది. పిల్లవాడికి ఆరవ నెలలోనో ఏడవ నెలలోనో, మగపిల్లవాడికి ముందు కుడిచెవి, ఆడపిల్లకు ముందు ఎడమచెవి కుట్టాలని అందులో ఉంది. చెవి తమ్మెను ఎండకు ఎదురుగా పట్టి, వెలుగు పారే పలుచని చోట సూది దించాలి. తరువాత దూదివత్తిని క్రమంగా లావు చేస్తూ పోవాలి. తెగిపోయిన తమ్మెలను అతికే పద్ధతులు అదే అధ్యాయంలో పదిహేను ఉన్నాయి. అన్ని పద్ధతులు అవసరపడ్డాయంటే, ఆ కాలపు చెవులు ఎంత బరువు మోశాయో, ఎన్ని తెగిపోయాయో ఊహించవచ్చు. ఒంటిరాతి పోగు తేలికైనది కావడానికి ఇదీ ఒక కారణమే. రాయి ఎంత గొప్పదైనా మోయవలసింది చిటికెడు కండే.

ఇంతకూ మన పూర్వుల చెవులలో ఉన్నది వజ్రమేనా? విజయనగర కాలం దాకా ముఖ్యమైన సాక్ష్యం ముత్యానిదే. పదహారవ శతాబ్ది రెండవ దశకంలో రాసిన పోర్చుగీసు యాత్రికుడు దువార్తె బర్బోసా, విజయనగరపు మగవారి వేషం చెబుతూ, వేళ్లకు రాళ్ల ఉంగరాలు, చెవులకు మేలైన ముత్యాలు పొదిగిన పోగులు అన్నాడు. ఢిల్లీ వైపు కూడా అంతే. 1614లో జహంగీరు జబ్బు నుండి కోలుకొని, అజ్మీరు ఖ్వాజా మొయినుద్దీన్ చిష్తీ పట్ల భక్తితో చెవులు కుట్టించుకున్నప్పుడు పెట్టుకున్నది ముత్యాలనే. కొలువులోని వారంతా ఆయన దారి పట్టారు. వజ్రాల గనులు మన నేలలో ఉండగా చెవిలో ముత్యం ఎందుకు ఉన్నదన్నది సబబైన ప్రశ్న.

జవాబు రాయిని ఎంచే శాస్త్రంలోనే ఉంది. ఆరవ శతాబ్దికి చెందిన వరాహమిహిరుని బృహత్సంహితలో వజ్రపరీక్ష అధ్యాయం చూడండి. అక్కడ మెచ్చుకున్నది సానపట్టిన రాయిని కాదు. ప్రకృతి ఇచ్చిన ఆకారం చెదరకుండా, కోణాలు పదునుగా, నీటిమీద తేలేంత తేలికగా, ఇంద్రధనుస్సు రంగులు చిమ్మే రాయి మేలైనది. కాకిపాదం, ఈగ, వెంట్రుక, ఇసుక రేణువు వంటి గుర్తులు లోపల కనిపిస్తే అది దోషం. ఏ రంగు ఏ వర్ణం వారికి తగినదో కూడా నియమించారు. ధర కట్టడానికి బియ్యపుగింజ తూకం: ఇరవై గింజల ఎత్తు వజ్రానికి రెండు లక్షల నాణేలు. నీటిమీద తేలడం నిజం కాదు. నీటికంటె మూడున్నర రెట్లు బరువైన రాయి తేలదు. కాని ఈ లెక్కలో వజ్రం రక్షగా, నిధిగా పనికివచ్చే వస్తువని అర్థమవుతుంది. చెక్కని వజ్రం దూరానికి మెరవదు. చెవిలో పెట్టుకునే నగ నాలుగు అడుగుల దూరాన ఉన్నవాడికి కనిపించాలి. ఆ పని ముత్యం చేస్తుంది. వజ్రం చెవికి ఎక్కడానికి సానపట్టే పని పెరగవలసి వచ్చిందని మా అభిప్రాయం.

గనుల సంగతి విద్యార్థులకు కొంత తెలిసినదే. పెద్ద రాళ్లు ప్రభువుకు, చిన్నవి వర్తకునికి అన్నది పాత ఏర్పాటు. 1530లలో విజయనగరంలో ఉన్న న్యూనిజ్, వజ్రాల సీమను ఏలిన నాయకుడు ఏటా నలభై వేల వరహాలు కట్టేవాడనీ, ఇరవై మంజాళ్లకు మించిన రాళ్లన్నీ రాజు బొక్కసానికి చేరాలన్నది షరతు అనీ రాశాడు. పోర్చుగీసువారు మంజెలీన్ అని రాసినది మన మంజాళి, తమిళుల మంజాడి. ఎర్రని గింజ పేరు అది. ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే ప్రకారం రావుల్కొండ గనివద్ద మంజాళి ఒకటిముప్పావు క్యారట్లు, గోలకొండ రాజ్యంలో ఒకటింబాతిక పైన అరపాతిక, అంటే ఒకటిన్నర క్యారట్లకు కాస్త తక్కువ. ఒకే పేరుగల తూకం రెండు చోట్ల రెండు విలువలు. పాత పత్రాలలో మంజాళ్ల లెక్క కనిపిస్తే, ఏ ఊరి మంజాళి అని ముందు అడగాలి. ఏ లెక్కన చూసినా ఇరవై మంజాళ్లంటే ఇరవైయేడు క్యారట్లకు తక్కువ కాదు. చెవిపోగులకు పనికివచ్చే చిన్న రాళ్లన్నీ ఆ షరతుకు అడుగున, బజారులో తిరిగినవే.

టావెర్నియే పుస్తకం మొదట 1676లో అచ్చయింది. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలో ఆడ, మగ, పిల్లలు కలిపి అరవై వేలమంది పని చేయడం చూశానని అతడు రాశాడు. ఆ సంఖ్యను ఎంత నమ్మాలో చదివేవారే తేల్చుకోవచ్చు. కాని రాళ్ల పరీక్షపై అతడు చెప్పినది వర్తకుడు చెప్పిన మాట, దానికి విలువ ఎక్కువ. అతడు చూసిన మూడు సంగతులు మన విషయానికి నేరుగా సంబంధించినవి.

మొదటిది, మన సానవారు దోషం లేని రాయిని పైన, అడుగున కాస్త నునుపు చేసి వదిలేసేవారు. తూకం పోకూడదు. దోషమున్న రాయికైతే ఒళ్లంతా ముఖాలు తీసి మచ్చను దాచేవారు. కనుక పదిహేడవ శతాబ్దపు రాతిలో ముఖాలు ఎక్కువగా ఉంటే అనుమానించాలి. నేటి కొనుగోలుదారు ముఖాల సంఖ్యను గొప్పగా చెప్పుకుంటాడు. అప్పటివాడు దాన్ని చూసి ధర తగ్గించేవాడు.

రెండవది, ముడిరాయి నీటిని మనవారు రాత్రిపూట చూసేవారు. గోడలో అడుగు చదరపు గూడు, అందులో లావుపాటి వత్తి దీపం, వేళ్ల మధ్య రాయి. ఐరోపావారు పగటి వెలుగులో చూసేవారు. నీరు అంటే ఇక్కడ రాతి స్వచ్ఛత, కాంతి. నీరున్న రాయి అని ఇప్పటికీ అంటున్నాము.

మూడవది అన్నిటికంటె ముఖ్యం. ఆకాశపు రంగు కలిసిన నీరు అన్నిటికంటె హీనమని అతడు రాశాడు. సానమీద అది తెలియదట. దట్టంగా ఆకులున్న చెట్టు కిందికి తీసుకుపోయి ఆ పచ్చని నీడలో చూస్తే రాతిలోని నీలం తప్పక బయటపడుతుందట. ఈ మాటను విద్యార్థులు గుర్తు పెట్టుకోవాలి. రెండు వందల ఏళ్ల తరువాత ఇదే నీలం కోసం దక్షిణాది అంతటా ఎక్కువ ధర పెట్టారు.

ఆ మార్పు ఎలా వచ్చిందో చూద్దాం. పద్దెనిమిదవ శతాబ్ది తొలి సగంలో బ్రెజిల్ రాళ్లు బజారుకు వచ్చాయి, కృష్ణ గనులు తగ్గాయి. అంతకుముందే పెద్ద రాళ్లు దేశం దాటాయి. మద్రాసు గవర్నరు థామస్ పిట్ 1702లో జమ్‌చంద్ అనే వర్తకుని వద్ద 48,000 వరహాలకు కొన్న రాయి ముడిగా 410 క్యారట్లు. చెక్కగా 140 క్యారట్లు మిగిలింది. 1717లో ఫ్రాన్సు రాజప్రతినిధి కొన్నాడు గనుక దానికి రీజెంట్ అని పేరు. యానాం విద్యార్థులు పారిస్ వెళితే లూవ్రు మ్యూజియంలో చూడవచ్చు. తరువాత 1860ల చివరలో దక్షిణాఫ్రికాలో వజ్రాలు దొరికాయి. 1870లో ఆరెంజ్ ఫ్రీ స్టేట్‌లోని యాగర్స్‌ఫాంటైన్‌లో గని మొదలయింది. అక్కడి రాళ్లలో చాలావాటికి ఒక గుణం ఉంది. దీపపు వెలుగులో తెల్లగా ఉంటాయి, ఎండలోకి తెస్తే నీలి మెరుపు వస్తుంది. సూర్యకాంతిలోని కంటికి కనబడని కిరణాలను రాయి పీల్చి నీలికాంతిగా వదలడం దీనికి కారణం. ఐరోపా బజారులో అలాంటి రాతికి యాగర్ అని పేరు పడింది. మన దగ్గర అది బ్లూజాగర్ అయింది. కోయంబత్తూరు, మద్రాసు, బెంగళూరు నగల అంగళ్లలో ఇప్పటికీ బ్లూజాగర్ అంటే మేలైన రాయి అని అర్థం. గని 1971లోనే మూతపడింది. పేరు మాత్రం గుణానికి పేరుగా నిలిచింది.

ఒకప్పటి దోషం గుణం ఎలా అయింది? మాకు తోచిన కారణం ఒకటుంది. పసుపు బంగారంలో, అడుగు మూసి పొదిగిన తెల్లరాయికి లోహపు పసుపు ఛాయ ఎక్కుతుంది. నీలి మెరుపు ఆ పసుపును చంపుతుంది. నల్లని, చామనచాయ చెవిమీద, దక్షిణాది ఎండలో, నీలం కలిసిన తెలుపు మరీ తెల్లగా కనిపిస్తుంది. పెళ్లిపందిట్లో, కచేరీ వేదికమీద కనబడవలసిన నగకు ఇది సరిపోయే గుణమే. ఇక్కడ పాత పరీక్షకు విరుద్ధంగా కొత్త పరీక్ష పుట్టింది. చెట్టునీడలోకి తీసుకుపోయి నీలం ఉంటే వదిలేయడం పోయి, ఎండలోకి తీసుకుపోయి నీలం లేకుంటే వదిలేయడం వచ్చింది.

ఆ రాతితో మన వారి చరిత్రకు మరొక ముడి ఉంది. 1860 నుండి మద్రాసు రేవు ద్వారా వేలకొద్దీ తెలుగువారు చెరకు తోటల కూలికి నేటాల్ వెళ్లారు. వారి వారసులు 1931లో ఆంధ్ర మహాసభను నెలకొల్పుకున్నారు. కాని పక్కనే ఉన్న ఆరెంజ్ ఫ్రీ స్టేట్ 1891లో చట్టం చేసి ఆసియా వారెవరూ అక్కడ స్థిరపడరాదన్నది. ఆ నిషేధం 1986 దాకా పోలేదు. యాగర్స్‌ఫాంటైన్ రాయి తెలుగువాడి చెవికి చేరినంత సులభంగా తెలుగువాడు యాగర్స్‌ఫాంటైన్ చేరలేకపోయాడు. 1891 తరువాత గని పనిచేసినంతకాలమూ పరిస్థితి ఇదే.

జత ఎంచడం ఒంటిరాయిని ఎంచడం కంటె కష్టం. ధర లెక్క ముందు చూద్దాం. టావెర్నియే ఇచ్చిన సూత్రం తూకాన్ని తూకంతోనే గుణించి, ఒక క్యారట్ రాయి ధరతో మళ్లీ గుణించమంటుంది. క్యారట్ మేలురాయి 150 లీవ్రులైతే పన్నెండు క్యారట్లది 12ను 12తో గుణించి, 150తో గుణించి, 21,600 లీవ్రులు. ఈ లెక్కన రెండు క్యారట్ల ఉంగరపు రాయి నాలుగు వంతుల ధర, ఒక్కొక్క క్యారట్ రాళ్లు రెండూ కలిపి రెండు వంతుల ధర. తూకం ఒకటే, ధర సగం. మధ్యతరగతి ఇంటికి పోగులు అందుబాటులో ఉండడానికి ఇది ఒక కారణం. అయితే రెండు రాళ్లూ ఒకే నీరు, ఒకే వెడల్పు, ఒకే నీలం కావాలి. ముఖానికి అటొకటి ఇటొకటి ఉండే రాళ్లను ఎవరూ ఒకేసారి పక్కపక్కన చూడరు నిజమే. కాని వాటిని ఎంచేవాడు మాత్రం పక్కపక్కన పెట్టే చూస్తాడు, పెళ్లివారూ అలాగే చూస్తారు. తమిళనాట వరునికి కడుక్కన్ పెట్టడం అత్తవారి వంతుగా ఉన్న ఇళ్లలో, రాళ్లు జత కుదరలేదన్నది పెళ్లిలో పెద్ద మాటే అయ్యేది.

పొదగడంలో పాత, కొత్త తేడాలు కూడా విద్యార్థులు గుర్తించగలగాలి. అడుగు మూసిన పాత పనిలో రాతి వెనుక తళుకురేకు ఉంటుంది. అది వెలుగును తిప్పి పంపుతుంది, రాతి లోపాన్ని కూడా కప్పుతుంది. లోనికి నీరు దిగితే రేకు నల్లబడి రాయి చచ్చినట్లు కనిపిస్తుంది. అడుగు తెరిచిన పనిలో రాయి తన బలంమీదే మెరవాలి. మగవారి పోగుకు కాడ పొట్టిగా, మర గట్టిగా ఉంటుంది. కమ్మకు ఉన్నట్లు వేలాడే భాగం ఉండదు.

వేదికమీద ఈ పోగులను చూడాలంటే పాత ఫోటోలు చాలు. అరియక్కుడి రామానుజయ్యంగారు, నాగస్వర విద్వాంసుడు టి. ఎన్. రాజరత్నం పిళ్లె చిత్రాలలో చెవి తమ్మెమీద తెల్లని చుక్క స్పష్టంగా కనిపిస్తుంది. వారిద్దరూ తెలుగువారు కారు. కాని వారి కచేరీలలో వినిపించిన త్యాగరాజ కృతులు తెలుగువి. విద్వాంసునికి పోగు వట్టి అలంకారం కాదు, సన్మానానికి గుర్తు కూడా. మరోవైపు కోటు తొడిగి, జుట్టు కత్తిరించుకొని, కచేరీ ఉద్యోగాలకు పోయిన తరం పిలకతోపాటు పోగులనూ తీసివేసింది. రాళ్లు చాలాచోట్ల కూతురి కమ్మలలోకి, కోడలి ముక్కుపుడకలోకి మారాయి. అందువల్లనే పాత జతలు ఇప్పుడు తక్కువ.

ఈ కథలో అందరికీ చెవిపోగు దక్కలేదన్నది దాచకూడదు. 1930 డిసెంబరులో రామనాథపురం జిల్లాలో కళ్లర్లు ఆదిద్రావిడులపై ఎనిమిది నిషేధాలు ప్రకటించారు. జె. హెచ్. హట్టన్ తన పుస్తకంలో వాటిని నమోదు చేశాడు. మొదటి నిషేధమే బంగారు, వెండి నగలు ధరించరాదని. మీరినవారిపై దౌర్జన్యాలు జరిగాయి, గుడిసెలు తగలబెట్టారు. రాజపాళయం తెలుగువారు అప్పట్లో ఆ జిల్లావారే. తాతగారి పోగుల గురించి మురిసిపోయేటప్పుడు, అదే కాలంలో ఆ పక్కవీధిలో ఇత్తడి పోగుకైనా అనుమతి ఉన్నదా అని అడగడం చరిత్ర విద్యార్థి పని. నగ గొప్పదా కాదా అన్న ప్రశ్నకంటె, ఎవరు పెట్టుకోవచ్చు అన్న ప్రశ్నలో ఆ ఊరి చరిత్ర ఎక్కువ ఉంటుంది.

ఇప్పటి ఎంపిక సంగతి క్లుప్తంగా. మగపిల్లలు మళ్లీ చెవులు కుట్టించుకుంటున్నారు, కొందరు ఒక చెవికే. కొనేటప్పుడు రంగు, స్వచ్ఛత, చెక్కడం, క్యారట్ తూకం అనే నాలుగు లెక్కలతో పరీక్షాపత్రం వస్తుంది. క్యారట్ అంటే 200 మిల్లీగ్రాములు, అందులో నూరవ వంతు సెంటు. ఆ పత్రంలో నీలి మెరుపుకు వేరే గడి ఉంటుంది. అంతర్జాతీయ బజారులో మంచి తెల్లరాతికి నీలి మెరుపు గట్టిగా ఉంటే ధర తగ్గిస్తారు. అంటే టావెర్నియే చెట్టునీడ మళ్లీ తిరిగి వచ్చింది. తాతగారు ఎక్కువ పెట్టి కొన్న గుణానికి, అమ్మబోతే తక్కువ కట్టే అవకాశం ఉంది. పాత జతను కేవలం పత్రం చూసి మార్చుకోవద్దని మా సలహా. ప్రయోగశాలలో పెంచిన వజ్రాలు మరొక కొత్త ముడి. అవి రసాయనరీత్యా వజ్రాలే, కంటితో చూసి వేరుచేయడం కుదరదు, యంత్రం కావాలి. 2023 కేంద్ర బడ్జెట్ తరువాత ఆ పరిశోధనకు మద్రాసు ఐఐటికి అయిదేళ్లలో 242 కోట్ల రూపాయలు కేటాయించారు. పిట్ వజ్రం కొన్న ఊరిలోనే ఇప్పుడు వజ్రం పెంచే పని జరుగుతున్నది. కొల్లూరు గనుల చోటు మాత్రం పులిచింతల జలాశయపు ముంపులో ఉంది. కర్నూలు జిల్లా తుగ్గలి, జొన్నగిరి పొలాలలో తొలకరి వానలకు రాళ్లు వెతికేవారు ఈనాటికీ ఉన్నారు.

ఈ సంవత్సరం ఇళ్లలోని పాత పోగులను నమోదు చేయబూనిన విద్యార్థులకు కొన్ని సూచనలు. నగను ఇంటివారు ఏ పేరుతో పిలుస్తారో ముందు రాసుకోండి. తమిళమో కన్నడమో మరాఠీయో ఒడియానో అయినా దిద్దవద్దు. అడుగు మూసి ఉందా తెరిచి ఉందా, కాడ పొడవెంత, మర ఏ వైపు తిరుగుతుంది, రాతికి ముఖాలు ఎన్ని అన్నవి చూడండి. మూసిన అడుగును ఎట్టి పరిస్థితిలోనూ విప్పించవద్దు, నీళ్లతో కడగవద్దు. ఎవరు కొన్నారు, ఎవరు పెట్టారు, ఎప్పుడు తీసివేశారు అన్నవి పెద్దలను అడగండి, ఒకరి మాటకు మరొకరి మాట సరిపడకపోతే రెండూ రాయండి. ఫోటోలు రెండు కావాలి. ఒకటి ఎండలో, మరొకటి చెట్టునీడలో.